పక్క సమాధి

మార్చి 30, ఆదివారం, ప్రొద్దుటూరు

ఈస్టర్ దాకా ఈ నలభై రోజులూ కాఫీ మానేస్తానని దేవుడికి మాటిచ్చాను కదా. ఈ రోజు ఎదురింటావిడ ఉగాది పచ్చడితో పాటు గ్లాసు నిండా కాఫీ కూడా తెచ్చింది. తాగేశాను. పండగపూట ఇంటికి తెచ్చి ఇచ్చినదాన్ని వెనక్కి పంపితే ఏం మర్యాద? ఇక్కడ రాసుకున్నంత మాత్రాన తప్పు తగ్గదని తెలుసు. కాఫీ మాత్రం చాలా బాగుంది.

చర్చిలో ఆరాధన అయ్యాక అయ్యగారు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో జరిగే కూడిక గురించి ప్రకటించారు. మొదటి పాట ఎవరెత్తుకుంటారని అడిగి, ఎవరూ నోరు తెరవకముందే నా వైపు చూశారు. జమ్మలమడుగులో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా అరిచి అరిచి సానబట్టిన గొంతు నాది, మైకుతో పనిలేదు. సరేనన్నాను. కాదంటే పైనున్న మా ఆయన ఊరుకుంటాడా? జమ్మలమడుగు డిపోలో కండక్టర్‌గా ఉన్నన్నాళ్ళూ ఆయన పాటల సాధన అంతా బస్సులోనే. టికెట్లు ఇస్తూ చిన్నగా మొదలుపెట్టి, ముద్దనూరు దాటేసరికి గొంతు పైకి లేపేవాడని జనం చెప్పి నవ్వేవాళ్ళు.

ఆయన పోయి వచ్చే మే నెలకు నాలుగేళ్ళు. కరోనా రెండోసారి దేశం మీద పడ్డ మే నెల అది. టీవీ పెడితే ఆక్సిజన్ కోసం పరుగెత్తే మనుషులే. ఆయన ఒక ఆస్పత్రిలో, నేను ఇంకో ఆస్పత్రిలో, మా అమ్మాయి జీవిత అదే జ్వరంతో పులివెందులలో గదిలో తలుపు వేసుకుని. నేను లేచి కూర్చునేసరికి ఆయన్ను మట్టిలో పెట్టేశారు. పెట్టింది వెల్డింగ్ షాపు యూనుస్, అతని స్నేహితులు. అప్పుడు ఏ మతం వాళ్ళు పోయినా వాళ్ళే మోశారు. మా అయ్యగారు కూడా జ్వరంతో మంచంలో ఉన్నారు. ఆయన్ను దించేటప్పుడు ఒక్క ప్రార్థన మాటైనా పడిందో లేదో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు.

దాని గురించి ఇప్పుడు నాకేం దిగులు లేదు.

మార్చి 31, సోమవారం

రంజాన్. యూనుస్ భార్య సాజిదా షీర్ ఖుర్మా తెచ్చింది. ఏటా తెస్తుంది, క్రిస్మస్‌కు నేను కేకు పంపిస్తాను. యూనుస్ నాతో ఏదో మాట్లాడాలంటున్నాడట, వీలు చూసుకుని వస్తాడట. గేటు రిపేరు సంగతేమో.

ఖుర్మా మానేస్తానని నేను ఎవరికీ మాటివ్వలేదు. రెండు గిన్నెలు తాగాను.

ఏప్రిల్ 6, ఆదివారం

నెలలో మొదటి ఆదివారం కాబట్టి ఆయన దగ్గరికి పోయాను. ఈ వేడికి సమాధుల తోటలో వేపచెట్టు కింద ఒక్కచోటే నీడ. ఆయన అదృష్టవంతుడు, ఆ నీడలోనే ఉన్నాడు. ఎండుటాకులు ఊడ్చి, పగుళ్ళకు మట్టి మెత్తాను. పండగ ముందు రోజు సున్నం కొట్టాలి.

పక్కన ఒక మట్టిదిబ్బ ఉంది. దాని మీద ఉత్త శిలువే, పేరు లేదు. ఎవరూ రారు, తుమ్మమొక్క మొలిచింది. నాకు మాత్రం అది బాగా వీలు. బకెట్టు, చీపురు దాని మీదే పెట్టుకుంటాను, పని అయ్యాక దాని మీదే కూర్చుని పులిహోర తింటాను. ఈ రోజూ అంతే.

తింటూ ఆయనకు నెల కబుర్లన్నీ చెప్పాను. జీవిత స్కూల్లో హెడ్మిస్ట్రెస్ అయిందని, నాకు షుగర్ పెరిగిందని, మా ఆడబిడ్డ మళ్ళీ ఆ ఉప్పుకషాయం లాంటి చారు పోసి నన్ను పొగడమందని. నిద్రలో ఆయన పెట్టే గురక లేక నాకు ఇప్పటికీ సరిగా నిద్ర పట్టడం లేదని కూడా చెప్పాను. ఆయన బతికుండగా ఈ మాట చెప్పి ఉంటే నెత్తికెక్కి కూర్చునేవాడు.

లేచి వచ్చేటప్పుడు ఎప్పటిలాగే గుండె నిమ్మళించింది. మొదట్లో, ఊపిరితిత్తులు ఇంకా సరిగా పనిచేయని రోజుల్లో, ఆటో దిగి పది అడుగులకోసారి ఆగుతూ అక్కడికి పోయినప్పుడు కూడా ఇంతే. ఏడ్చుకుంటూ పోయి, నడుం నిటారుగా పెట్టుకుని వచ్చేదాన్ని. దేవుడు నా కోసం ఆ నిమ్మళాన్ని ఆ వేపచెట్టు కిందే పెట్టి ఉంచాడు. ఇందులో నాకు అనుమానమే లేదు.

ఏప్రిల్ 9, బుధవారం

యూనుస్ వచ్చాడు. గేటు సంగతి కాదు.

కుర్చీ చివరకు జరిగి కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. ముద్దనూరుకు చెందిన జోయల్ అనే అతను కువైట్‌లో డ్రైవరట. వాళ్ళమ్మ రత్నమ్మ కూడా అదే మే నెలలో పోయింది. మా ఆయన్ను పెట్టిన రోజే ఆమెనూ వీళ్ళే పెట్టారు. ఆ జోయల్ మా చర్చివాళ్ళు ఫోన్లో పెట్టే ఈస్టర్ వీడియోలు ఏటా చూస్తాడట. వేపచెట్టు కింద ఉన్న వాళ్ళమ్మ సమాధికి ఎవరో తెల్లగా సున్నం కొట్టి, పూలతో నింపి, శిలువకు దండ వేయడం చూసి అక్కడ ఫోన్ పట్టుకుని ఏడుస్తాడట. ఈసారి సెలవు దొరికింది, వస్తున్నాడు. ఆ పని చేస్తున్న పుణ్యాత్ములెవరో కనుక్కుని పెట్టమని యూనుస్‌ను అడిగాడు.

"నేను పోయి చూసినా మా," అన్నాడు యూనుస్. "ఆ వేరు అడ్డమొచ్చి గుంత పక్కకు జరిపినాము, నాకు బాగా గుర్తుండాది. ఆమె శిలువ మీద మీ సార్ పేరు ఉండాది."

"మరి ఆయన యాడ?"

"ఆయప్ప ఈడ లేడు మా. పక్క దాంట్లో ఉండాడు. సార్ శానా పొడుగు గదా, గుంత సాలక మళ్ళా తవ్వినాము. ఆ ఏడు వానలకు శిలువలు పడిపోయింటాయి. కాపలా మనిషి ఎత్తి మార్చి నాటింటాడు."

పక్కది అంటే తుమ్మమొక్క దిబ్బ. నా బకెట్టు. నా పులిహోర.

ముందే ఒకసారి వచ్చి చూపించి ఉంటే ఇట్ల అయ్యేది కాదని అతను తనను తానే తిట్టుకున్నాడు. అతని తప్పేం లేదని నేను ఒక్క మాట అనొచ్చు. అనలేదు. ఆయన్ను పెట్టిన ఆ పొద్దు గురించి ఇంకో మాట ఉందని అతను మొదలుపెడితే, చాలు నాయనా, ఇంక పో అని పంపేశాను.

ఏప్రిల్ 10

కాఫీ మూడుసార్లు తాగాను.

ఏప్రిల్ 11

నాకు ఎవరి మీదా కోపం లేదు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

చర్చికి పోలేదు. మోకాలు నొప్పి అని కబురు పంపాను. మోకాలు బాగానే ఉంది. వీధిలో పిల్లలు ఈతమట్టలు ఊపుకుంటూ పాడుతూ పోయారు, కిటికీ రెక్క వేసుకున్నాను.

మధ్యాహ్నం అయ్యగారు ఫోన్ చేసి ఆరోగ్యం అడిగారు. ఈస్టర్ పాటకు వేరే ఎవరినైనా చూసుకోమన్నాను. మోకాలితో పాడరు కదమ్మా అన్నారు. ఆయనకు హాస్యం ఎక్కువ. నేను నవ్వలేదు.

నాకు ఒక్కటే అర్థం కావడం లేదు. నేను ఎవరో తెలియని ఆడమనిషి దగ్గర కూర్చుని నా గోడు వెళ్ళబోసుకుంటుంటే, ఆయన పక్కన ముళ్ళలో పడి ఉంటే, ప్రభువా, నువ్వు చూస్తూనే ఉన్నావు కదా. ఒక్క కల తెప్పిస్తే నీ సొమ్మేం పోయేది? అక్కడ నాకు దొరికిన నిమ్మళం మరి ఎవరు ఇచ్చినట్టు? నేనే ఊహించుకున్నానా? ఊహ మీద కాళ్ళు పెట్టుకుని ఇన్నేళ్ళు నిలబడ్డానా?

ఏప్రిల్ 14, సోమవారం

అంబేద్కర్ జయంతి సెలవని జీవిత పొద్దునే పులివెందుల బస్సెక్కి వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లో కాఫీ గిన్నె చూసి ఏమీ అనలేదు. దాన్ని అట్లా పెంచాను.

జరిగిందంతా చెప్పాను. చీపురు, బకెట్టు, పులిహోర దాకా వచ్చేసరికి అది తల దించుకుంది. ఏడుస్తుందనుకున్నాను. చూస్తే భుజాలు ఊగుతున్నాయి, నవ్వు ఆపుకోలేక.

"అంటే ఇన్నేండ్లూ నువ్వు నాయన ఒళ్ళో కూచోని పులిహోర తిన్నావా మా?"

నాకు కోపం వచ్చింది. ఆ కోపం నోటిదాకా వచ్చి నవ్వై బయటపడింది. నలుగురిలో నా పక్కన కూర్చోవడానికే సిగ్గుపడే మనిషి ఆయన. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నేనే ముందు ఏడ్చాను. అది నా తల తన భుజం మీద పెట్టుకుంది.

యూనుస్ ఏదో చెప్పబోతే ఎందుకు వినలేదని అడిగింది. ఇన్నేళ్ళలో అతన్ని ఆ రోజు సంగతి ఒక్కసారైనా అడిగి ఉంటే ఈ పొరపాటు ఎప్పుడో తెలిసిపోయేది కదా అంది. దానికి నేను అబద్ధం చెప్పలేకపోయాను.

"అడగాలంటే భయం పాపా. ఎవరూ ప్రార్థన చేయలేదంటాడు. మీ నాయనను గొడ్డును పూడ్చినట్టు పూడ్చినారని నా చెవులతో నేను వినాల."

అది చపాతీలు చేసి పెట్టి సాయంత్రం బస్సుకు పోయింది.

ఏప్రిల్ 16

మూడు రోజులుగా రత్నమ్మ గురించే ఆలోచిస్తున్నాను. మా ఇంటి గుట్టంతా ఆమెకు తెలుసు. ఆయన గురక, ఆడబిడ్డ చారు, నేను ఆయన స్కూటర్ అమ్మేసి ఆ మధ్యాహ్నమంతా ఖాళీ వరండా చూసుకుంటూ కూర్చోవడం. ఆమె మొహం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. అయినా ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు. ఇన్ని రోజులు ఓపికగా విన్న మనిషి.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

పోకుండా ఉండలేకపోయాను. చర్చిలు మూతపడ్డ కరోనా ఏడాది వదిలేస్తే, గుడ్ ఫ్రైడే ఆరాధన నా జన్మలో ఒక్కటే ఒక్కసారి తప్పింది, అదీ జీవితను కన్నప్పుడు. చివరి బెంచీలో కూర్చున్నాను. శిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద మూడు గంటల పాటు ఏడుగురు మాట్లాడారు. ఆరో ఆయన దగ్గర కాసేపు కునుకు తీశాను, దేవుడు క్షమించాలి.

ఇంటికి వచ్చి మజ్జిగ తాగుతుంటే ఒక సంగతి తట్టింది. తట్టి, గ్లాసు కింద పెట్టేశాను.

ఆ మొదటి ఈస్టర్ పొద్దున సుగంధ ద్రవ్యాలు పట్టుకుని యేసు సమాధి దగ్గరికి పోయింది ఎవరు? ఆడవాళ్ళు. పోయి ఏం విన్నారు? మీరు వెతికే మనిషి ఇక్కడ లేడు, లేచాడని. సండే స్కూల్లో ఈ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటాను, బొమ్మలు గీసి, పిల్లల చేత పలికించి. మొన్న యూనుస్ అదే మాట నా ఇంట్లో కూర్చుని చెబితే, ఆ ఆడవాళ్ళేమో సంతోషంతో పరుగెత్తారు, నేనేమో కిటికీ రెక్క వేసుకుని కూర్చున్నాను.

ఆ దేవుడు ఎప్పుడైనా సమాధిలో ఉండి నన్ను ఓదార్చాడా? మా ఆయన మట్టి ఎక్కడుంటే అక్కడే ఓదార్పు ఉంటుందని నాకు ఎవరు చెప్పారు? నేను తప్పు చోటికే పోయి ఏడ్చాను. అయినా నిమ్మళం వచ్చింది. అంటే దేవుడు దాన్ని నేను ఎక్కడ కూర్చున్నానో చూసి ఇవ్వలేదు, ఎవరు కూర్చున్నారో చూసి ఇచ్చాడు. నా ఊహ కాదు అది. నాకు ఇప్పుడు చాలా సంతోషంగా ఉంది, చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు, అందుకే ఇంత రాస్తున్నాను.

అయ్యగారికి ఫోన్ చేసి మోకాలు తగ్గిందని చెప్పాను. వేరే ఎవరినీ చూడలేదమ్మా అన్నారు.

భయం మాత్రం పోలేదు. ఆ ప్రార్థన సంగతి యూనుస్‌ను అడిగే ధైర్యం ఇంకా రాలేదు. ఒకటి తగ్గినంత మాత్రాన ఇంకోటి తగ్గాలని ఏముంది.

ఏప్రిల్ 19, శనివారం

ఒళ్ళంతా సున్నం. గోళ్ళలో ఇంకా పోలేదు.

పొద్దున యూనుస్‌కు కబురు పెట్టాను. వచ్చాడు. మొన్న నేను అన్నదానికి క్షమించమన్నాను. ఏందిమా పెద్ద మాటలు అని తుమ్మమొక్క పెరకడానికి వంగిపోయాడు. దాని వేరు చాలా లోపలికి పోయింది, ఇద్దరు మనుషులు పట్టి లాగాల్సి వచ్చింది. మా ఆయన మొండితనం తెలిసిన నాకు ఆశ్చర్యం వేయలేదు.

ఆయన పేరున్న శిలువ తీసి ఆయన దగ్గర నాటించాను. రత్నమ్మ పేరు రాసి యూనుస్ కొత్త ఇనుప శిలువ చేసి తెచ్చాడు. పండగకు వచ్చిన జీవిత, నేను రెండు సమాధులకూ సున్నం కొట్టాం. ముందు ఏది కొట్టాలని అది అడిగింది. రత్నమ్మది అన్నాను, అలవాటు తప్పితే ఆమె నొచ్చుకుంటుంది. ఆయనకు రెండు పూతలు వేశాం, బాకీ ఉంది కాబట్టి. ఎర్ర గులాబీలు ఇద్దరికీ సమానం.

ఈసారి పులిహోర చెట్టు మొదట్లో కూర్చుని తిన్నాం. యూనుస్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. పోయేటప్పుడు, ఆ పొద్దు సంగతి చెప్పేదా మా అన్నాడు. రేపు పాట ఎత్తుకోవాలి నాయనా, పాట అయినాక చెప్పు అన్నాను. అతను సరేనని, రేపు జోయల్ వస్తాండాడు, వాడే చెప్తాడులే అన్నాడు. ఆ కువైట్ పిల్లోడికి మా ఆయన సంగతి ఏం తెలుసు?

ఏప్రిల్ 20, ఈస్టర్

ఇప్పుడు పొద్దున తొమ్మిది. కాఫీ తాగుతూ రాస్తున్నాను, ఈ రోజు నుంచి హక్కుగా.

తెల్లవారకముందే సమాధుల తోట నిండిపోయింది. ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు, ఎక్కడ చూసినా పూలు, చిన్నపిల్లలకు కొత్త బట్టలు. వేపచెట్టు కింద ఎవరో మోకాళ్ళ మీద ఉన్నారు. మమ్మల్ని చూసి లేచాడు. నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన మొహం. యూనుస్ ముందే చెప్పి ఉంటాడు, నేను ఎవరో చెప్పకముందే జోయల్ నన్ను పోల్చుకున్నాడు. వంగి నా కాళ్ళు పట్టుకోబోతే భుజాలు పట్టి లేపాను.

మీ అమ్మ అని తెలియక చేశాను నాయనా, నాకు మొక్కొద్దు అన్నాను. తెలిసి చేసేటోళ్ళు ఎంతమంది ఉంటారు పెద్దమ్మా అన్నాడు.

అప్పటికి అయ్యగారు చెయ్యెత్తారు, పాట ఎత్తుకొమ్మని. నోరు తెరిచాను. గొంతు రాలేదు. ఈసారి నా ముందున్నది నిజంగా ఆయన. రెండు పూతల సున్నం కింద, ఎవరూ ఒక్క మాటైనా అనకుండా పెట్టేసిన నా దయానందం. జనమంతా కొవ్వొత్తులతో నా వైపే చూస్తున్నారు. జీవిత నా మోచెయ్యి పట్టుకుంది.

జోయల్ నా పక్కకు వచ్చి, ఎవరికీ వినపడనంత మెల్లగా చెప్పాడు. ఆ రోజు వాళ్ళమ్మను పెట్టేటప్పుడు యూనుస్ అతనికి ఫోన్‌లో వీడియో చూపించాడట. కువైట్ గదిలో నుంచే అతను ప్రార్థన చేసి వాళ్ళమ్మకు పాట పాడాడు. అయ్యాక ఫోన్ పెట్టేయబోతే యూనుస్ ఆపాడు.

"'పెట్టొద్దు జోయల్, ఈడ ఇంగొక సార్ ఉండాడు, వాళ్ళోళ్ళంతా ఆస్పత్రిలో ఉండారు, మాకేమో మీ ప్రార్థన రాదు, ఆయప్పకు గూడా నువ్వే చెప్పు' అన్నాడు పెద్దమ్మా. చెప్పినా. అమ్మకు పాడిన పాటే సార్‌కూ పాడినా. కుదించి పాడల్యా, అమ్మకెట్లనో అట్లనే."

నేను అతని చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని వదల్లేదు.

"ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాల్యా," అన్నాడు జోయల్. "అంతా అయినాక యూనుసన్న పిడికెడు మట్టి వేసి, 'రైట్ రైట్ సార్' అన్నాడు. యాల అన్నాడో."

వెనక్కి తిరిగి చూశాను. యూనుస్ గోడ దగ్గర దూరంగా నిలబడి ఉన్నాడు. ఐటీఐ చదివినన్నాళ్ళూ ఆయన బస్సులోనే పోయివచ్చేవాడని సాజిదా ఎప్పుడో చెప్పింది.

"మా ఆయన కండక్టర్ నాయనా," అన్నాను.

జోయల్ మొహం ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. నాకు మాత్రం నవ్వే వచ్చింది. కొవ్వొత్తులు పట్టుకున్న ఊరంతా చూస్తుండగా, ఈస్టర్ పొద్దున, మొగుడి సమాధి ముందు, ఆపుకోలేక గట్టిగా నవ్వాను. ఆ నవ్వుతోనే పోయిన గొంతు తిరిగి వచ్చింది. సార్‌కు ఏ పాట పాడినావు అని అడిగాను. చెప్పాడు. నేను అనుకున్న పాట కాదు అది. అయినా అదే ఎత్తుకున్నాను. మూడో చరణం నాకు రాదు. జోయల్ పాడాడు.